కరెంటు తీసిన నీళ్లలో సారం ఉంటుందా?

"మాస్టారూ, మా మళ్లకొచ్చేది బలిమెల డ్యాములో కరెంటు తీసేసిన నీరు. ఇంకా అందులో సారమేం ఉంటుంది?" ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలిమెల వైపు వరి పండించే ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. పక్కనున్న కాలేజీ కుర్రాళ్లు నవ్వారు. మరి టర్బైన్ నీటిలోంచి ఏం తీసుకుంటుందో చెప్పండ్రా అంటే వాళ్లూ చెప్పలేదు.

తీసుకునేది ఎత్తు. అంతే. తాటిపండు చెట్టు మీంచి పడితే ధబ్బుమంటుంది. ఆ దెబ్బ పండు బరువుది, చెట్టు ఎత్తుది. చెట్టు రెట్టింపు పొడవుంటే దెబ్బ శక్తీ రెట్టింపు. కింద ఏరుకుని తింటే మాత్రం అదే తీపి. నీరూ అంతే: పడుతూ టర్బైన్ రెక్కల్ని తోస్తుంది, అవతల నీరుగానే బయటికొస్తుంది. ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు గుణించే సూత్రాన్ని మన బళ్లలో మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు. వానాకాలంలో పేపర్లో పడే జలాశయాల మట్టాలు చాలు, అది అర్థం కావడానికి. జోలాపుట్ పూర్తి మట్టం 2,750 అడుగులు, డుడుమ 2,590, బలిమెల 1,516, గుంటవాడ 1,360, డొంకరాయి 1,037. ఈ అంకెల మధ్య తేడాయే మన కరెంటు.

జోలాపుట్‌లో వదిలిన నీరు 1955 నుంచి నడుస్తున్న 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ కేంద్రంలో ఒకసారి పని చేసి బలిమెల చేరుతుంది. అక్కడ ఒడిశా వాటా బలిమెల పవర్ హౌస్ దాటి పొట్టేరు కాలువల్లోకి పోతుంది. ఆంధ్రా వాటా గుంటవాడ, డొంకరాయి, పొల్లూరు అంటూ మళ్లీ మళ్లీ పడుతూ శబరిలో, ఆపైన గోదావరిలో కలుస్తుంది. ఇన్నిసార్లు "కరెంటు తీసిన" ఆ నీటితోనే గోదావరి డెల్టాలో దాళ్వా వరి గట్టెక్కుతుంది.

ఇప్పుడు లెక్క. గుంటవాడకూ డొంకరాయికీ తేడా 323 అడుగులు, అంటే సుమారు 98 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఒక యూనిట్ తీయాలంటే నాలుగు టన్నుల పైచిలుకు నీరు పడాలి. అదే యూనిట్ తాల్చేరు బొగ్గుతో అయితే ముప్పావు కిలో చాలు. బొగ్గులో అంత శక్తి కుక్కి ఉంది కాబట్టే దాన్ని వదలలేకపోతున్నాం. కానీ కాలాక పావు కిలో దాకా బూడిద మిగులుతుంది, కిలో వరకు కార్బన్ డయాక్సైడ్ గాలిలో చేరుతుంది. ముప్పావు కిలో కాలిస్తే కిలో ఎలా వచ్చిందంటారా? 12 గ్రాముల కార్బన్ గాలిలోంచి 32 గ్రాముల ఆక్సిజన్‌ని పట్టుకుని 44 గ్రాములవుతుంది. ఆ బొగ్గు తయారవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. నీరు మళ్లీ వానాకాలానికల్లా కొండెక్కుతుంది.

ఎక్కించేది సూర్యుడు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 24 లక్షల జౌళ్లు ఖర్చవుతాయి. అదే కిలో 100 మీటర్లు పడితే మనకి దక్కేది 980. సుమారు 2,500వ వంతు! మిగతాదంతా ఆవిరి మబ్బుగా మారేటప్పుడు వేడిగా పైనే విడుదలవుతుంది, తుఫానులకి బలం అదే. నాకైతే ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఆశ్చర్యమే.

అయినా పెద్దాయన అనుమానం పూర్తిగా వట్టిది కాదు. సారం పోతోంది, టర్బైన్‌లో కాదు, డ్యాములో. కొండల మీంచి కొట్టుకొచ్చే ఒండ్రు నిలవనీటి అడుక్కి దిగిపోతుంది. తేట నీరే కాలువకొస్తుంది. లోతు నుంచి తోడిన నీరు చల్లగా, ఆక్సిజన్ తక్కువగా కూడా ఉండొచ్చు. ఆ లోటు గత్తంతో పూడ్చుకోవాల్సిందే.

పునరుత్పాదకం అన్న పేరొక్కటే చూసి నీటి కరెంటుని నెత్తిన పెట్టుకోకూడదు. బలిమెల జలాశయం నిండాక చిత్రకొండ దగ్గర 151 ఊళ్లు తెగిపోయాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడి జనానికి పడవలే దిక్కు. మునిగిన చెట్టూచేమా కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వస్తుంది.

అందుకే ఎగువ సీలేరులో ప్రతిపాదించిన 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. పైన గుంటవాడ, కింద డొంకరాయి, రెండూ ఉన్నవే. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదులుతారు. ఇలాంటి చోట్ల నాలుగు యూనిట్లు పెడితే తిరిగొచ్చేది మూడు పైన. సొరంగాలకి, పవర్ హౌస్‌కి అడవి కొంత పోతుంది కానీ ఊళ్లు ముంచే కొత్త జలాశయం మాత్రం అక్కర్లేదు.