తపాలా విమానానికి నేల మీద వేసిన దారి

1920 సెప్టెంబరు 8న అమెరికా తపాలా శాఖ న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా విమాన తపాలా మొదలుపెట్టింది. వినడానికి గొప్పగానే ఉంది. అయితే ఆ ఉత్తరాలు పగటిపూట మాత్రమే గాల్లో ఉండేవి. పొద్దుగూకితే సంచులు దించి రైలెక్కించేవాళ్ళు, తెల్లారాక ముందు ఊళ్ళో మళ్ళీ విమానంలో వేసేవాళ్ళు. ఇన్ని దించడాలూ ఎక్కించడాలూ అయ్యాక, మొత్తం రైల్లోనే పంపినదానితో పోలిస్తే కలిసొచ్చింది 22 గంటలు. రైలు రాత్రంతా నడుస్తుంది, విమానం నడవదు. చిక్కంతా అక్కడే. ఈ కాస్త లాభానికి ఇంత ఖర్చా అని అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులు నిలదీశారు. నన్నడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

పోనీ పగలైనా దారి తెలిసేదా అంటే, అదీ అంతంతమాత్రమే. 1918 మే 15న వాషింగ్టన్–ఫిలడెల్ఫియా–న్యూయార్క్ సర్వీసు ప్రారంభానికి అధ్యక్షుడు విల్సన్ స్వయంగా వచ్చారు. విమానాశ్రయం లేదు, పోటోమాక్ నది పక్కన పోలో ఆడే మైదానమే గతి. ముందు ఇంజను కదలలేదు. చూస్తే ట్యాంకులో పెట్రోలు పోయడం మరిచిపోయారు. చివరికి పైకి లేచిన జార్జ్ బోయిల్ అనే పైలట్, ఉత్తరాన ఉన్న ఫిలడెల్ఫియాకి పోవలసినవాడు దక్షిణానికి పోయి, వాల్డార్ఫ్ అనే ఊరి దగ్గర పొలంలో దిగబోయి విమానాన్ని తలకిందులు చేశాడు. సంచులు రోడ్డు మీద వెనక్కొచ్చాయి.

బోయిల్‌ని చూసి నవ్వడం తేలిక. ఆయన చేతిలో ఉన్నవల్లా మామూలు పటం, దిక్సూచి. ఇంజను ఇనుము పక్కనే ఉంటే దిక్సూచి ముల్లు పక్కకి లాగుతుంది, విమానం మలుపు తిరిగితే ఊగిపోతుంది. అందుకే పైలట్లు దానికన్నా రైలు పట్టాల్నే ఎక్కువ నమ్మేవాళ్ళు. 1921లో తపాలా శాఖ వాళ్ళకోసం ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. ఎన్నో మైలు దగ్గర ఏ నది కనిపిస్తుంది, పట్టాలు ఎక్కడ చీలతాయి, దిగే మైదానం ఊరికి ఏ పక్కన ఉంది, ఇదే అందులోని సరుకు.

ఆ మైదానాల గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటిలా పొడుగాటి రన్‌వే వాళ్ళకి అక్కర్లేదు. తేలికపాటి విమానం, చక్రాలకు బ్రేకులు లేవు, తోక కింద ఉన్న కొయ్య నేలను రాసుకుంటూ పోతేనే ఆగుతుంది. అలాంటిది గాలికి ఎదురుగానే దిగాలి. గాలి ఏ రోజు ఎటు వీస్తుందో తెలియదు కనుక ఏ దిక్కునుంచైనా దిగగలిగేలా, కోత అయ్యాక నూర్పిడికి చేసుకున్న కళ్ళంలాంటి నలుచదరపు చదును కావాలి. దాని పక్కన గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ సంచి, పెట్రోలు పీపాలు, ఒక షెడ్డు ఉంటే చాలు. న్యూయార్క్–శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య బెల్‌ఫోంట్, క్లీవ్‌లాండ్, అయోవా సిటీ, నార్త్ ప్లాట్, షయాన్, ఎల్కో లాంటి ఊళ్ళు విమాన పటంలోకి ఎక్కింది ఇలాగే.

రాత్రి సంగతి తేల్చుకోవడానికి 1921 ఫిబ్రవరి 22న ఒక తెగింపు ప్రయోగం చేశారు. రెండు తీరాల నుంచీ విమానాలు బయలుదేరాయి. తూర్పు నుంచి వచ్చినవి షికాగో దాటలేదు. పడమటి నుంచి వచ్చినవాటిలో ఒకటి ఎల్కో దగ్గర కూలి పైలట్ చనిపోయాడు. మిగిలిన ఒక్క విమానం సంచుల్ని నార్త్ ప్లాట్‌లో జాక్ నైట్ అనే పైలట్ అందుకుని, దారి పొడవునా ఊళ్ళవాళ్ళు వెలిగించిన మంటలు చూసుకుంటూ అర్ధరాత్రి దాటాక ఒమాహా చేరాడు. అక్కడ ఆయన్ని మార్చవలసిన పైలట్ రాలేదు. ఎన్నడూ ఎగరని దారిలో, రోడ్డు పటం పట్టుకుని, మంచులో షికాగో దాకా నైటే పోయాడు. తపాలా తీరం నుంచి తీరానికి 33 గంటల 20 నిమిషాల్లో చేరింది. పత్రికలు ఆయన్ని వీరుణ్ణి చేశాయి. ఆ పొగడ్తకు ఆయన అర్హుడే, కానీ రోజూ ఒక జాక్ నైట్‌నీ, దారంతా నెగళ్ళనీ సమకూర్చుకోవడం ఏ శాఖ వల్లా కాదు.

అందుకని 1923లో నేల మీద పని మొదలైంది. ముందు వెలిగించినది దేశం నడిమి ముక్క, షికాగో–షయాన్ మధ్య దాదాపు 885 మైళ్ళు. పొద్దున్నే ఏ తీరం నుంచి బయలుదేరినా చీకటి పడేది ఈ ముక్క మీదే. లెక్క సరిగ్గా వేశారు. పాతిక ముప్పై మైళ్ళకో అత్యవసర మైదానం, అందులో తిరిగే బీకన్, అంటే దారి చూపే పెద్ద దీపం, నడుమ సుమారు మూడేసి మైళ్ళకో మిణుకుమనే గ్యాసు దీపం.

కరెంటు లేని పొలాల్లో ఈ గ్యాసు దీపాల్ని రోజూ ఎవరు వెలిగిస్తారు, ఎవరు ఆర్పుతారు? ఎవరూ అక్కర్లేదు. సముద్రపు దీపస్తంభాలకోసం స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలెన్ అప్పటికే ఒక సూర్య కవాటం చేసిపెట్టాడు. నడుమ ఒక నల్ల కడ్డీ, చుట్టూ మెరుగుపెట్టిన కడ్డీలు. తెల్లారితే నల్లది వెలుతురు పీల్చుకుని మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కి సాగుతుంది, ఆ వెంట్రుకవాసి తేడాతోనే ఎసిటిలీన్ గొట్టం మూసుకుపోతుంది. సందె చీకట్లో చల్లబడి తెరుచుకుంటుంది. దీనికి ఆయనకు 1912లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఎసిటిలీన్ ప్రమాదంలో ఆయన చూపు పోయింది.

1924 జులై 1 నుంచి రాత్రి తపాలా రోజువారీ పనైంది. తీరం నుంచి తీరానికి ఉత్తరం ఒకటిన్నర రోజులోపే చేరసాగింది. ఇప్పుడు రైలుకి అందే వేగం కాదది.

1926లో చట్టం మారి దారి దీపాలు వాణిజ్య శాఖ కిందికి వెళ్ళాక, పనిని ఓడల దీపస్తంభాలు చూసే విభాగానికే అప్పగించారు. ప్రతి పది మైళ్ళకూ 51 అడుగుల ఉక్కు స్తంభం, మీద 24 అంగుళాల అద్దంతో 1,000 వాట్ల దీపం. నిమిషానికి ఆరుసార్లు తిరుగుతుంది కనుక పైలట్‌కు పది సెకన్లకో మెరుపు. తిప్పడం దేనికంటే, కదలకుండా వెలిగే దీపం రైతు ఇంటి లాంతరో, దిక్కున పొడిచిన చుక్కో పోల్చుకోవడం కష్టం. ఆ దీపానికి కాస్త కిందుగా ఉండే రంగు దీపాలు ఆకుపచ్చగా ఉంటే పక్కన దిగే మైదానం ఉందని, ఎర్రగా ఉంటే లేదని అర్థం. అవి మోర్స్‌లో, అంటే పొట్టి, పొడుగు మెరుపుల సంకేత లిపిలో, ఒక అక్షరం కూడా మిణుకుతాయి: డబ్ల్యూ, యూ, వీ, హెచ్, ఆర్, కె, డి, బి, జి, ఎం. వందేసి మైళ్ళలో ఎన్నో బీకన్ దగ్గరున్నారో దాంతో తెలిసిపోతుంది. పగటికోసం అడుగున పసుపు రంగు వేసిన పెద్ద కాంక్రీటు బాణం గుర్తు. యూటా, నెవాడా ఎడారుల్లో కొన్ని బాణాలు నేటికీ ఉన్నాయి.

మన దేశానికి ఈ హంగులేవీ లేకుండానే 1932 అక్టోబరు 15న టాటాల తపాలా విమానం వచ్చింది. కరాచీ నుంచి బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటా నడిపారు, అక్కణ్ణుంచి నెవిల్ విన్‌సెంట్ అనే పైలట్. దారి దీపాలు లేవు, రేడియో లేదు. చీకటి పడేసరికి దిగాలి కనుక అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని, తెలుగు బాగా వినిపించే బళ్ళారిలో రాత్రి మకాం, మర్నాడు మద్రాసు. వానాకాలంలో బొంబాయిలోని జుహూ మైదానం నీట మునిగితే విమానాలు పూనాకి మారేవి.

దీపాలకూ ఒక పెద్ద లోటుంది. మబ్బు కమ్మితే, పొగమంచు దిగితే ఎంత గొప్ప అద్దమైనా పనికిరాదు. 1926లో సెయింట్ లూయీ–షికాగో తపాలా నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్ రెండు రాత్రులు దిగే చోటు కనపడక, పెట్రోలు అయిపోయి పారాచూట్‌తో దూకాడు. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన, రేడియో సంకేతాలతో వేసిన దారి ఈ లోటు తీర్చింది. దారికి ఒక పక్కకు జరిగితే చెవిలో పొట్టి-పొడుగు కూతలు, రెండో పక్కకు జరిగితే పొడుగు-పొట్టి కూతలు. సరిగ్గా నడుమ ఉంటే రెండూ ఒకదాని ఖాళీలో ఒకటి ఇమిడి తెగని ఒకే కూత. పైలట్ కళ్ళతో కాక చెవులతో దారి పట్టాడు. అయినా దీపాల్ని వెంటనే ఆర్పేయలేదు. ఉరుముల వానలో రేడియోలో గరగర తప్ప ఏమీ వినపడదు కదా! మోంటానా రాష్ట్రమైతే రాత్రిపూట లోయల వెంబడి పోయే చిన్న విమానాల కోసం కొండల మీది బీకన్లను 21వ శతాబ్దంలోనూ సొంత ఖర్చుతో వెలిగించింది.