3099వ అక్షరం దగ్గర ఫ్లాసీ వాంగ్-స్టాల్

మందులు పనిచేయడం మానేసిన హెచ్ఐవీ రోగికి జన్యు పరీక్ష చేయిస్తే రిపోర్టులో తరచూ కనిపించే మాట "ఎం184వి". వైరస్ లామివుడిన్ అనే హెచ్ఐవీ మందుకు లొంగడం లేదని దాని అర్థం. వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకునే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌లో 184వ స్థానంలో ఉండాల్సిన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది. జన్యువులో దాన్ని సూచించే మూడక్షరాల కోడాన్ ఏటీజీ కాస్తా జీటీజీ అయింది, మారింది ఒక్క అక్షరమే. మరి ఈ 184 ఎక్కడి నుంచి లెక్క? హైదరాబాద్‌లో చేసినా లండన్‌లో చేసినా కొలబద్ద ఒకటే: హెచ్ఎక్స్‌బీ2 అనే 9,719 అక్షరాల జన్యుక్రమం. ఆ ఎంజైమ్ అందులో 2550 దగ్గర మొదలవుతుంది కాబట్టి 184వ కోడాన్ 3099 నుంచి 3101 దాకా. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి ఉపరకం, హెచ్ఎక్స్‌బీ2 బి ఉపరకం. అయినా లెక్క దాని ప్రకారమే.

ఈ కొలబద్ద తయారైంది అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ క్యాన్సర్ సంస్థలోని రాబర్ట్ గాలో ప్రయోగశాలలో. అక్కడ అణుజీవశాస్త్ర పనిని ముందుండి నడిపిన మనిషి ఫ్లాసీ వాంగ్-స్టాల్. పుట్టింది 1946లో, చైనాలోని గ్వాంగ్‌జౌలో. అసలు పేరు వాంగ్ యీ చింగ్. 1952లో కుటుంబం హాంకాంగ్ చేరింది. బడిలో ఇంగ్లిష్ పేరు పెట్టుకోమంటే, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఊపేసిన తుపాను పేరు తండ్రి ఎంచారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1972లో డాక్టరేట్, 1973లో గాలో దగ్గర ఉద్యోగం.

వైరస్‌ను మొదట పట్టింది పారిస్ పాశ్చర్ సంస్థ, 1983లో. గాలో బృందం 1984 మేలో వెలువరించిన నాలుగు పత్రాలు ఎయిడ్స్‌కు కారణం ఇదేనన్న వాదనను బలపరిచాయి. అయితే రోగి రక్తంలో ఇంకే వైరస్ అయినా ఉండొచ్చు కదా అన్న అనుమానం పోవాలంటే వైరస్ జన్యుపదార్థాన్ని విడిగా తీసి నకళ్లు చేసే క్లోనింగ్ ఒక్కటే దారి. వైరస్ సోకిన కణాల డీఎన్ఏను ఎంజైములతో ముక్కలు చేసి, ముక్కలను ఫేజ్‌లలోకి (బాక్టీరియాకు సోకే వైరస్‌లలోకి) ఎక్కించి, బాక్టీరియా పొర మీద పెంచుతారు. వెతుకుతున్న క్రమానికి అతుక్కునే రేడియోధార్మిక ముక్క, అంటే ప్రోబ్, అంటుకున్న చోట ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లచుక్క పడుతుంది. వేల మచ్చల్లోంచి ఆ ఒక్కదాన్ని ఏరుకోవాలి. ఆ పత్రం 1984 నవంబరులో నేచర్‌లో వచ్చింది. పూర్తి జన్యుక్రమం 1985 జనవరిలో. రెండింటిలోనూ చివరి పేరు వాంగ్-స్టాల్‌ది.

అదే ఏడాది, ఆ ప్రయోగశాల క్లోన్లలో ఒకటైన హెచ్ఎక్స్‌బీ2 డీఎన్ఏను బొడ్డుతాడు రక్తంలోని టి-కణాల్లోకి ఎక్కించారు. వైరస్ తయారైంది, కణాలు చచ్చాయి. లోపలికి వెళ్లింది ఒక్క డీఎన్ఏ కాబట్టి అనుమానానికి తావు లేదు. ఇక జన్యువులను ఒక్కొక్కటిగా చెడగొట్టి చూడొచ్చు: 'టాట్' అనే జన్యువును తీసేస్తే వైరస్ పెరగదని 1986లో తేల్చారు.

ఫిలడెల్ఫియాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ 1990లో ఒక లెక్క తీసింది. గడిచిన దశాబ్దంలో అత్యధికంగా సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో ఉటంకింపులు) పొందిన మహిళా శాస్త్రవేత్త వాంగ్-స్టాలేనని, అవి 7,700కు పైగా ఉన్నాయని తేలింది.

సైటేషన్ల లెక్క చూసినంత తేలిక కాదు. అచ్చులో వచ్చే సైటేషన్ సూచికలో పత్రం మొదటి రచయిత పేరు కిందే ఉండేది. ప్రయోగం చేసిన జూనియర్ పేరు ముందు, పని నడిపించిన వారి పేరు చివర ఉండటం ఈ రంగంలో రివాజు. కాబట్టి వాంగ్-స్టాల్ అని వెతికితే క్లోనింగ్ పత్రం బియాట్రిస్ హాన్ కింద, జన్యుక్రమం లీ రాట్నర్ కింద ఉంటాయి. రచయితలందరినీ లెక్కలోకి తీసుకుంటేనే ఆమె వాటా బయటపడుతుంది. ఆపై హైఫన్ తంటా: వాంగ్-స్టాల్, వాంగ్‌స్టాల్, ఉత్త స్టాల్. మూడూ వెతికి, వాంగ్ ఇంటిపేరున్న ఇతరులను తీసేయాలి. హెచ్ఐవీ అన్న పేరు ఖాయమైంది 1986లో. అంతకు ముందరి పత్రాల్లో అది హెచ్‌టీఎల్‌వీ-3, పారిస్ వాళ్లకు ఎల్ఏవీ. హెచ్ఐవీ అని మాత్రమే వెతికితే ఆమె ముఖ్యమైన పత్రాలే జారిపోతాయి.

సైటేషన్‌కు మెచ్చుకోలు, తగవు అన్న తేడా కూడా తెలియదు. బెథెస్డాలో వాడిన వైరస్ పారిస్ నుంచి వచ్చిన నమూనాదేనని గాలో 1991లో ఒప్పుకున్నారు. ఆ గొడవ మీద రాసిన పత్రాలు కూడా పాత పత్రాలను ఉటంకిస్తే వాటి అంకె పెరుగుతుంది. హెచ్ఐవీని కనుగొన్నందుకు 2008 నోబెల్ పారిస్ వాళ్లకు దక్కింది.

వాంగ్-స్టాల్ 1990లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, హెచ్ఐవీ ఆర్ఎన్ఏను కత్తిరించే రైబోజైమ్ అనే ఆర్ఎన్ఏ అణువులతో జన్యుచికిత్సకు ప్రయత్నించారు. మనుషుల మీద పరీక్ష దాకా వచ్చింది, మందు కాలేదు. 2002లో ఇమ్యుసోల్ కంపెనీకి మారారు, 2020 జులైలో కన్నుమూశారు. శాస్త్రవేత్త పత్రాలను, వాటి సైటేషన్లను కలిపి ఒక్క అంకెలో చెప్పే తర్వాతి తరం కొలత హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ కూడా ఆ విశ్వవిద్యాలయం వారే. అది పత్రాలకు వచ్చిన సైటేషన్లను కొలుస్తుంది, జన్యుక్రమం వాడకాన్ని కాదు. ఇప్పుడు హెచ్ఎక్స్‌బీ2 వాడేవాళ్లలో చాలామంది పత్రం పేరు రాయరు, జన్యుక్రమాల ఖజానా జెన్‌బ్యాంక్‌లోని నంబరు కె03455 రాసి ఊరుకుంటారు. నా దృష్టిలో ఆమె పనికి అతి పెద్ద వాడకం ఇదే, సైటేషన్ల ఖాతాలో పడనిదీ ఇదే.

ఆ కొలబద్దలోనూ లోపాలున్నాయి. 5772 దగ్గర ఒక 'టి' అదనంగా ఉండి వీపీఆర్ జన్యువు చెడింది, నెఫ్ అనే మరో జన్యువు మధ్యలోనే ఆగిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు తమ నమూనాను దానితో పోల్చి, అక్కడ ఖాళీ కనబడగానే రోగి వైరస్‌లో అక్షరం ఊడిందనుకుంటారు. ఊడలేదు, ఎక్కువున్నది కొలబద్దలో. ఆ 'టి'ని తీసేస్తే దాని తర్వాతి అంకెలన్నీ ఒకటి చొప్పున వెనక్కి జరుగుతాయి. అందుకే దాన్ని అలాగే ఉంచారు.