కీబోర్డులో మోగిందంతా ఆర్కెస్ట్రా వాయించదు: ఫైట్ ఆర్ఆర్ (ఫైట్ సీన్ల నేపథ్య సంగీతం) మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోను. కొత్త మ్యూజిక్ డైరెక్టరు, చేతిలో మొదటి పెద్ద సినిమా. "అన్నా, క్లైమాక్స్ ఫైట్ అయిపోయింది. మిడి ఫైల్ పంపిస్తున్నా. జస్ట్ నోటేషన్ తీసిచ్చెయ్, చాలు. బుధవారం ఆర్కెస్ట్రాతో సెషన్."

ఫైల్ తెరిచాను. మిడి అంటే శబ్దం కాదు, కీబోర్డులో ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో చెప్పే లెక్క. నాలుగు నిమిషాల ఫైట్. మొదటి బార్‌లోనే (నాలుగు బీట్ల ముక్క), వయొలిన్ వరసలో, పియానోకి ఎడమ చివర ఉండే నోట్ ఒకటి కనబడింది. వయొలిన్‌లో అన్నిటికన్నా కింది తీగ జి. దానికి చాలా దిగువన ఉంది ఇది. నిజానికి అది నోటే కాదు, కీస్విచ్. లైబ్రరీలో, అంటే అసలు వాయిద్యాల్ని ముందే రికార్డు చేసి పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో, విల్లు పొడుగు లాగుడు నుంచి పొట్టి లాగుడికి మారడానికి నొక్కే మెట్టు. దాన్ని అలాగే ప్రింట్ తీసి పంపామనుకోండి, ఎక్కడో యూరప్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో మనకి వాయించే వయొలిన్ వాళ్లు కాగితం చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇలాంటి ఫోను నాకు నెలకి రెండు మూడుసార్లు వస్తుంది. పద్నాలుగేళ్లుగా నా పని ఇదే. కీబోర్డులో కట్టిన ఆర్ఆర్‌ని మనుషులు వాయించగలిగే కాగితంగా మార్చడం. ఆర్కెస్ట్రేటర్ అంటారు. టైటిల్స్‌లో పేరు పడితే పడుతుంది, లేకపోతే లేదు. "జస్ట్ నోటేషన్" అన్న మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: కీబోర్డులో అదిరితే ఆర్కెస్ట్రాలో ఇంకా అదురుతుంది

డబ్బు పోగొట్టే అపోహ ఇదే. మిగతావన్నీ దీని ముందు చిల్లర.

హార్న్స్ (ఊదే ఇత్తడి వాయిద్యాలు) సంగతి చూడండి. లైబ్రరీలో ఆరు హార్న్స్ కలిపి రికార్డు చేసిన ప్యాచ్ ఉంటుంది. ఒక మెట్టు నొక్కితే ఆరుగురు. మీరు నాలుగు వేళ్లతో కార్డ్ పట్టారు, ఇరవై నలుగురయ్యారు. సెషన్‌కి బుక్ చేసింది నలుగుర్ని. మనిషికో నోట్ వస్తుంది. కీబోర్డు డెమోలో విన్నదాంట్లో ఆరో వంతు జనం. రికార్డింగ్ విని దర్శకుడు, "డెమోలో ఉన్న బలం లేదేంటి?" అంటాడు. "లైవ్ అంటే ఇంతేనా" అని నింద ఆర్కెస్ట్రా మీదికి పోతుంది. వాళ్ల తప్పేం లేదు పాపం, తప్పింది మన లెక్క.

నలుగురు హార్న్ వాళ్లని ఒకే నోట్ మీద పెట్టండి. కార్డ్‌ని ట్రాంబోన్లకి అప్పగించండి. నలుగురూ ఒకే నోట్ బిగించి ఊదితే గోడలు అదురుతాయి. ఫైట్లలో హార్న్ ట్యూన్ చాలాసార్లు ఒకే గొంతులా వినబడుతుంది చూడండి, అది ఊరికే కాదు. లేదు, హార్న్స్‌కే కార్డ్ కావాలంటారా? ఒకటి, మూడు నంబర్ల వాళ్లకి పై నోట్లు, రెండు, నాలుగు వాళ్లకి కింది నోట్లు రాయాలి. ఆ సెక్షన్ కూర్చునే పద్ధతే అది. పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా పంచేస్తే, కింది నోట్లకి అలవాటుపడ్డ రెండో మనిషి పైన అవస్థ పడతాడు.

ఇంక ఊపిరి. 140 టెంపోలో (నిమిషానికి 140 బీట్లు) పన్నెండు బార్లు పట్టి ఉంచిన హార్న్ నోట్‌ని ఆ ఆదివారం ఫైల్‌లోనే చూశాను. లెక్కేస్తే ఇరవై సెకన్లు దాటుతుంది. అదీ ఫుల్ వాల్యూమ్‌లో. కంప్యూటర్‌కి ఊపిరితిత్తులు లేవు, అది ఎంతసేపైనా పట్టుకుంటుంది. మనిషి పట్టుకోలేడు. ఇద్దరిద్దరికి విడగొట్టి, ఒక జంట గాలి పీల్చుకునేటప్పుడు రెండో జంట మోసేలా రాయాలి.

ఈ పాఠం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా పెదనాన్న తణుకులో బ్యాండ్ మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. పెళ్లి ఊరేగింపు రెండు గంటలు సాగితే, దారంతా పాటని క్లారినెట్ మీదికి తోసేసి తను మధ్య మధ్య నాలుగు ముక్కలు వాయించి ఊరుకునేవాడు. పెళ్లివారు "ట్రంపెట్టేదయ్యా" అని గొడవ చేసినా నవ్వి ఊరుకునేవాడు. ఎదుర్కోలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పై నోట్ ఎత్తుకునేవాడు, వీధి చివరి దాకా వినబడేది. "పెదవి రబ్బరు కాదురా, కండ. చచ్చిపోతే తెల్లారేదాకా లేవదు" అనేవాడు. యూరప్‌లో బుడాపెస్ట్ వాడైనా తణుకు వాడైనా పెదవి పెదవే. అందుకే బ్రాస్ (హార్న్స్, ట్రంపెట్లు, ట్రాంబోన్లు) ఎక్కువున్న ఫైట్‌ని సెషన్ చివరి గంటకి పెట్టకండి. మొదట ఒక మామూలు బిట్‌తో వేడెక్కనిచ్చి, వెంటనే క్లైమాక్స్ తీయండి. సెంటిమెంట్ బిట్లన్నీ తర్వాత తీసుకోవచ్చు. సినిమాలో వచ్చే వరసలోనే రికార్డు చేయాలని ఎవరూ రూల్ పెట్టలేదు.

నేనేదో పుట్టుకతో నేర్చుకుని వచ్చానని అనుకోకండి. నా మొదటి ఆన్‌లైన్ సెషన్‌లో, విలన్ కారు గాల్లోకి లేచే చోట ట్రాంబోన్లు ఒక ఆక్టేవ్ మొత్తం కిందికి జారేలా రాశాను. కీబోర్డులో పిచ్ బెండ్‌తో బ్రహ్మాండంగా వచ్చింది. ట్రాంబోన్ స్లైడ్ మొత్తం లాగినా ఆరు అర స్వరాల దూరమే జారుతుంది. ఆక్టేవ్‌కి పన్నెండు కావాలి. హెడ్‌ఫోన్లో ముందు నవ్వులు వినబడ్డాయి, తర్వాత కండక్టర్ చాలా మర్యాదగా, "మీకు ఏ సగం కావాలి?" అని అడిగాడు. చెవులు కాలిపోయాయి.

అదే రోజు ఇంకోటి. 168 టెంపోలో చెల్లోలకీ డబుల్ బేస్‌లకీ బీట్‌కి నాలుగు నోట్ల చొప్పున నలభై ఎనిమిది బార్లు, మధ్యలో ఒక్క రెస్ట్ లేకుండా రాశాను. సెకనుకి పదకొండు నోట్లు. డబుల్ బేస్ తీగ లావెంతో, విల్లు బరువెంతో తెలిసిన వాడెవడూ అలా రాయడు. మోగింది కానీ గ్రైండర్‌లో పప్పు రుబ్బినట్టుంది. అప్పటికప్పుడు మార్చి, అందరి కాగితాల మీదా పెన్సిల్‌తో రాయించేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి. గదిలో యాభై ఐదు మంది. అంటే పదకొండు గంటల మనిషి పని బూడిదలో పోసినట్టే.

ఇప్పుడు ఎలా రాస్తానంటే, మీరు పల్లెటూళ్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో రెండు రోకళ్లతో దంచడం చూశారా? ఒకరిది పైకి లేస్తుంటే ఇంకొకరిది పడుతుంది. వినేవాళ్లకి దెబ్బ ఆగదు, దంచేవాళ్లకి చెయ్యి ఆగుతుంది. అలాగే ఒక బీట్ ఫస్ట్ వయొలిన్లకి, తర్వాతి బీట్ సెకండ్ వయొలిన్లకి. ఎవరి వంతు అయినా తర్వాతి బీట్ మొదటి నోట్ మీద దిగాలి, లేకపోతే అతుకు తెలిసిపోతుంది. బేస్‌లకి బీట్ మీద ఒక్క పోటు చాలు. వినేటప్పుడు మొత్తం సెక్షన్ పరిగెడుతున్నట్టే ఉంటుంది.

ఫైల్‌లో ఉండనివి కూడా ఉంటాయి. వెలాసిటీ (మెట్టుని ఎంత గట్టిగా నొక్కారో) 127 అని ఉంటుంది, అది వాయించేవాడికి ఏమీ చెప్పదు. విల్లు తీగ మీద ఎగరాలా, అంటుకుని ఉండాలా? ఎక్కడ మొదలై ఎక్కడికి పెరగాలి? కొన్ని లైబ్రరీల్లో నోట్ ఆలస్యంగా పలుకుతుందని ప్రోగ్రామర్ దాన్ని కాస్త ముందుకి జరుపుతాడు. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్తే చీమల బారులా చిట్టి చిట్టి రెస్ట్‌లు పుట్టుకొస్తాయి. ఇవన్నీ ఏరి శుభ్రం చేయాలి. నాలుగు నిమిషాల ఫైట్‌కి నాకు మూడు నాలుగు రోజుల పని. "జస్ట్" అన్నది ఇక్కడే నాకు మండుతుంది.

అపోహ: ప్రతి గుద్దుకీ ఒక మ్యూజిక్ దెబ్బ పడాలి

కార్టూన్లకి బాగుంటుంది. దానికి మిక్కీ మౌసింగ్ అనే పేరే ఉంది. హీరో ముప్పై మందిని కొడుతుంటే ముప్పై దెబ్బలూ మీరు పట్టుకుంటే, ఎఫెక్ట్స్ వాళ్లు వేసే 'ఢిష్యుం' మీద మీ 'ఢాం' పడి రెండూ చెడతాయి. ఫైట్ మొత్తం మీద మూడో నాలుగో చోట్లు ఎంచుకోండి. విలన్ మొదటిసారి భయపడ్డ చోటు, హీరో లేచిన చోటు, అలాంటివి. మిగతాదంతా నడక.

ఆ చోట్లకి గురి ఎలా పెట్టాలో చాలామంది గింజుకుంటారు, కాబట్టి ఒక లెక్క చెప్తాను. టెంపో 128. నాలుగు బీట్ల బార్లు నాలుగు వేస్తే సరిగ్గా ఏడున్నర సెకన్లు. కానీ హీరో కత్తి పట్టుకున్నది 7.1 సెకన్ల దగ్గర. అంత దూరానికి పదిహేను బీట్లూ, ఇంకో చిన్న ముక్కా పడుతుంది. ఒక బార్‌ని మూడు బీట్లది చేస్తే పదిహేను బీట్లవుతాయి. అది 7.03 దగ్గర పడుతుంది. తేడా రెండు ఫ్రేములు కూడా ఉండదు. అదీ వద్దనుకుంటే టెంపోని 126.8కి దించండి, చెవికి తెలియదు. ఎడిటర్లతో మాట్లాడేటప్పుడు ఇంకో లెక్క పనికొస్తుంది: సెకనుకి 24 ఫ్రేములు, కాబట్టి పన్నెండు ఫ్రేములకో క్లిక్ (హెడ్‌ఫోన్లో బీట్ చెప్పే టిక్కు) అంటే 120 టెంపో, పది ఫ్రేములకో క్లిక్ అంటే 144.

ఒక బీట్ కోసిన బార్ వింతగా ఉంటుందని భయపడకండి. ఫైట్‌కి ఆ కుంటి నడకే అందం. ఏడు లెక్క మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు, ఐదు లెక్క ఖండచాపు. ఇంగ్లండ్ స్వరకర్త హోల్స్ట్ యుద్ధదేవుడు మార్స్ మీద రాసిన సంగీతం కూడా బార్‌కి ఐదు బీట్లదే. మన చెవికి తెలిసిన నడకల్ని వదిలేసి, ఎప్పుడూ నాలుగులోనే కొట్టుకోవడం నాకు అర్థం కాదు.

అపోహ: డ్రమ్స్, సబ్ బేస్ ఎంత దట్టిస్తే అంత మాస్

థియేటర్ మిక్సింగ్‌లో ఒక్కరోజు కూర్చుంటే ఈ భ్రమ పోతుంది. సుమోలు పేలే శబ్దం, బిల్డింగ్ కూలే శబ్దం, తుపాకులు, అన్నీ కింది ఫ్రీక్వెన్సీలోనే ఉంటాయి. మీ డ్రమ్సూ అక్కడే. ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి దూరబోతే ఇంజనీరు ఎవరిని ఆపుతాడు? బాంబుని ఆపడు. ఒకసారి నాతో, "నీ పెద్ద డ్రమ్స్ అన్నీ తీసేశాను బ్రదర్, ఇప్పుడు చూడు ఎంత క్లీన్‌గా ఉందో" అన్నాడు ఒకాయన, మెచ్చుకుంటున్నట్టే. ఆ డ్రమ్స్ మీద రెండు రాత్రులు పోయాయి నాకు. పేలుడు ఉన్న చోట హార్న్స్‌ని మధ్యలో, వయొలిన్లని పైన ఉంచి కింద ఖాళీ వదలండి. లేదా పేలుడుకి ఒక బీట్ ముందు మొత్తం ఆపేయండి.

ఇంకొన్ని, గబగబా.

కోరస్ సంస్కృతంలోనో లాటిన్‌లోనో ఉంటేనే గంభీరం అంటారు. ఫైట్ ఎఫెక్ట్స్ కింద అర్థం ఎవరికీ వినబడదు. నోరు తెరుచుకునే అక్షరాలుంటే చాలు. ఏదైనా మంత్రం పెట్టేముందు మాత్రం తెలిసినవాళ్లకి చూపించండి, తప్పు ఉచ్చారణతో రికార్డయితే గొడవ.

ఏఐ వచ్చింది, ఆర్కెస్ట్రాల పని అయిపోయింది అంటారు. నా డైరీ చూస్తే అలా లేదు.

లైవ్ లేకపోతే సినిమాకి పరువు తక్కువ అన్నదీ ఉత్తిదే. బడ్జెట్ లేకపోతే కీబోర్డు స్ట్రింగ్స్ మీద నలుగురు మంచి వయొలిన్ వాళ్లని, ఒక చెల్లోని పైన వాయించుకోండి. దుమ్ములేచిపోతుంది. దశాబ్దాలుగా సినిమాలకి వాయిస్తున్న వయొలిన్ వాళ్లు చెన్నైలో ఉన్నారు.

ఇక నోటేషన్ రాదని ఫోన్లో గొంతు తగ్గించి చెప్పే పిల్లలు ఉంటారు. అందులో నామోషీ ఏముంది? ఇళయరాజా లాగా నేరుగా కాగితం మీద స్కోర్ రాసిచ్చేవాళ్లు ఎప్పుడూ అరుదే. ట్యూన్ మీది, సీన్ అర్థం చేసుకున్నది మీరు. రాసేవాళ్లు రాస్తారు. టెన్షన్ పడాల్సింది టైమ్ గురించి. సీజీ రాకపోయినా పర్వాలేదు కానీ ఎడిట్ లాక్ అవ్వకుండా, అంటే ఇక కోతలుండవని ఖాయం కాకుండా, సెషన్ బుక్ చేయకండి. రికార్డింగ్ అయ్యాక ఫైట్‌లో నలభై సెకన్లు ట్రిమ్ చేస్తే, అతుకులు వేసేది మళ్లీ మీరే, రిలీజ్ ముందు రాత్రి.

ఆదివారం కుర్రాడి విషయానికొస్తే, సెషన్‌ని వారం వాయిదా వేయించాం. ప్రొడ్యూసర్ విసుక్కున్నాడట. హార్న్స్ నలుగురూ ఒకే నోట్ మీద ఉన్నారు, బేస్‌లు పోట్లు పొడుస్తున్నాయి. మొదటి టేక్ అయ్యాక కుర్రాడు ఏమీ మాట్లాడలేదు, "ఇంకోసారి వినొచ్చా అన్నా?" అని మాత్రం అడిగాడు.

మీరూ పంపండి, చూస్తాను. మిడి ఫైల్, క్లిక్‌తో సహా డెమో ఆడియో, టైమ్‌కోడ్ ఉన్న వీడియో, ఎంతమంది వాయిస్తున్నారో లెక్క. కనీసం పది రోజుల ముందు. ఆ కీస్విచ్‌లు మాత్రం తీసేసి పంపండి.