ఉప్పునీళ్లకి రీలు కొనే ముందు

అంతర్వేది

చిరంజీవులు మనవలకీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ముగ్గురూ డబ్బులు పోగేసి చేపలు పట్టడానికి దారం చుట్టే ఒక రీలూ, దానికి తగ్గ గేలపు కర్ర, అదే రాడ్డూ కొనబోతున్నారని మీ అమ్మ చెప్పింది. మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. ప్రతి రీలు కిందా మీరు రాసింది ఒక్కటే, ఎన్ని బేరింగులున్నాయో. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తారు.

ముందు రీలు సంగతి పక్కన పెట్టండి. ఎక్కడ నిలబడి వేస్తారు, ఏ చేపకి వేస్తారు, అది తేల్చుకోండి. ఇక్కడ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మీంచి వేయాలంటే, పోటు లాగుడుకి ఎర కొట్టుకుపోకుండా ఆగడానికి 60 నుంచి 100 గ్రాముల సీసం కావాలి. ఆ సీసాన్ని అలల అవతలికి విసరాలంటే 10, 11 అడుగుల రాడ్డు ఉండాలి. అదే ఓడలరేవు వైపు వైనతేయ పాయలో పడవ మీద కూర్చుని, 20, 30 గ్రాముల ప్లాస్టిక్ చేపని విసిరి పండుగప్పని పిలవాలంటే 7 అడుగులు చాలు. అంతకన్నా పొడవైతే పడవలో ఉన్నవాళ్ల నెత్తికి తగులుతుంది. రెండు పనులకీ ఒకే రాడ్డు అని ఎవరైనా అంటే నమ్మకండి, అది రెండు చోట్లా ఇబ్బంది పెడుతుంది. కోరంగి మడ అడవి అభయారణ్యం, దాని జోలికి పోవద్దు. పులస మీద ఆశ పెట్టుకుని కూడా రాడ్డు కొనకండి. అది నీళ్లలోని సన్నటి నాచూ, కంటికి ఆనని పురుగులూ వడగట్టుకుని బతికే చేప. వలకి తప్ప గేలానికి రాదు.

చేప తేలితే సీసం బరువు తేలుతుంది, దాన్ని బట్టి దారం, దారాన్ని బట్టి రాడ్డు, ఆఖర్న రీలు. మీరు ఆ చివర్నుంచి మొదలుపెట్టారు.

రాడ్డు పిడికి కాస్త పైన సన్నటి అక్షరాలతో ఎన్ని గ్రాముల బరువు విసరొచ్చో, ఎంత దారం వాడొచ్చో రాసి ఉంటుంది. రంగు చూసే ముందు అది చదవండి. 100 గ్రాముల దాకా అని రాసి ఉంటే, రొయ్య ఎర బరువు కూడా అందులోకే వస్తుందని గుర్తుపెట్టుకోండి. కార్బన్ రాడ్డు తేలిక, కానీ రాయికి కొట్టుకున్నా తలుపు సందులో పడినా లోపల చిట్లుతుంది. బయటికి ఏమీ కనపడదు, ఎప్పుడో పెద్ద చేప పడ్డనాడు పుటుక్కుమంటుంది. ఫైబర్ గ్లాసుది బరువు, మొరటు, దెబ్బలు ఓర్చుకుంటుంది. మీలో చిన్నోడు ఉన్నాడు గనక కార్బన్, గ్లాసు కలిపి చేసింది చూడండి. దారం వెళ్లే రింగుల్లో లోపలి పింగాణీ వలయం మీద దూదితో తుడవండి. ఎక్కడన్నా పోగు పట్టుకుందంటే అక్కడ పగులు ఉన్నట్టు, బ్రెయిడ్‌ని, అంటే సన్నటి పోగులు అల్లిన దారాన్ని, అదే కోసేస్తుంది.

ఇక రీలు. ఇసుక మీంచి వేసేదానికి 5000 లేదా 6000 నంబరు, పడవలోదానికి 3000 లేదా 4000. ఈ నంబర్లు కంపెనీకో రకం. షిమానో 4000, డైవా 4000, పెన్ 4000 ఒక సైజులో ఉండాలని లేదు. దారం చుట్టుకునే స్పూల్ మీద ఎంత దారం పడుతుందో రాస్తారు, దాన్ని పోల్చుకోండి. 30 పౌండ్ల బ్రెయిడ్ 250 మీటర్ల దాకా పడితే మొగ దగ్గర ఢోకా లేదు.

ఈ రీలులో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు, దారం దాని అంచు మీంచి జారిపోతుంది. బండారులంకలోనో ఉప్పాడలోనో మగ్గం నాడెలో కండె చూశారు కదా, కండె కదలదు, పోగు కొసనుంచి ఊడి వస్తుంది, ఇదీ అంతే. 1905లో ఇలాంటి రీలుకి పేటెంటు తీసుకున్న ఇంగ్లండు మనిషి ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఉన్ని మిల్లుల వాడే. వెనక్కి చుట్టేటప్పుడు మాత్రం దారం ఒక చిన్న గిలక మీద మలుపు తిరిగి స్పూల్ మీదికి వెళ్తుంది. ఈ గిలకనే లైన్ రోలర్ అంటారు. సముద్రంలోంచి దారం మోసుకొచ్చిన ఉప్పునీళ్లన్నీ ఆ గోరంత గిలక దగ్గరే పిండుకుంటాయి. రీలులో అన్నిటికన్నా ముందు చచ్చేది అదే. అది బిగిసిపోతే దారం దొర్లకుండా రాసుకుంటుంది, మెలి పడుతుంది, పోగులు లేస్తాయి. షాపులో దారం ముక్క దాని మీద వేసి లాగి చూడండి, గిలక తిరగాలి. దానికి నీళ్లు పోకుండా సీలు ఉందో లేదో అడగండి. పదమూడు బేరింగులున్నాయని చెప్పేవాడు ఈ ఒక్క బేరింగు గురించి నోరు విప్పకపోతే పక్క రీలు చూడండి. సీలు లేని పది బేరింగులకన్నా సీలు ఉన్న నాలుగు మేలు. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన సముద్రం నీళ్లకి తుప్పు పట్టదని కాదు.

బాడీ లోహానిదైతే మంచిది. ప్లాస్టిక్ కలిపిన బాడీ బరువు పడ్డప్పుడు కొంచెం వంగుతుంది, అప్పుడు లోపల పళ్లచక్రాలు సరిగా కలవక అరుగుతాయి. హ్యాండిల్ నేరుగా మరతో బిగించేదైతే వదులు ఉండదు. పిడిని పట్టుకుని అటూ ఇటూ కదిపితే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పెట్టాల్సింది డ్రాగ్ మీద. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు అది. డబ్బా మీద 12 కిలోల డ్రాగ్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. 11 అడుగుల రాడ్డు పట్టుకుని ఇసుకలో నిలబడి 12 కిలోల లాగుడుకి ఆగడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. మీకు కావాల్సింది 3 కిలోల దగ్గర నున్నగా వదిలే డ్రాగ్. షాపులో దాన్ని సగం బిగించి, దారాన్ని చేత్తో మెల్లగా లాగండి. మొదట పట్టుకుని, తర్వాత ఒక్కసారిగా జర్రున జారితే ఆ రీలు వద్దు. పార చేప మొదటి పరుగులో దారం తెంపుకుపోయేది ఆ పట్టుకున్న క్షణంలోనే. కార్బన్ వాషర్లు ఉన్నది అడగండి. ఇంటికి తెచ్చాక దారం కొసకి స్ప్రింగ్ కాటా తగిలించి, రాడ్డు వంచి, దారం బలంలో నాలుగో వంతు దగ్గర వదిలేలా పెట్టుకోవాలి. 30 పౌండ్లంటే సుమారు 13 కిలోలన్నర, కాబట్టి 3 కిలోలు దాటాక వదలాలి. బ్రెయిడ్ తంగూసులా, అంటే ఒంటి పోగు నైలాన్ దారంలా, సాగదు గనక ఈ లెక్క మరీ ముఖ్యం.

పండుగప్ప మొప్పడిప్ప అంచు పదును. బ్రెయిడ్‌ని ఒక్క రాపుకి తెంపుతుంది. గేలానికీ బ్రెయిడ్‌కీ మధ్య గజమన్నా 40, 50 పౌండ్ల తంగూసు కట్టాలి. ముడి నేను నేర్పిస్తాను.

కడగడం సంగతి మీ అమ్మకి వదిలేయకండి. వేట అయ్యాక డ్రాగ్ బిగించి, కుళాయి నీళ్లు సన్నగా పోసి, తుడిచి, నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేయాలి. బండి కడిగే ప్రెషర్ పంపు పెడితే ఉప్పు లోపలికి పోతుంది. బకెట్లో ముంచకూడదు. ఇక్కడ సముద్రం పక్క ఊళ్లలో చాలా బోర్లలో ఉప్పునీళ్లే. చుక్క నాలుక మీద వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే కాలువ నీళ్లో తాగే నీళ్లో వాడండి. ఆరాక లైన్ రోలర్ మీద ఒక్క చుక్క రీలు నూనె. రీలుని ఇసుక మీద పెట్టేవాళ్లని నేను వెంట తీసుకెళ్లను. నాలుగడుగుల పీవీసీ పైపు ఇసుకలో పాతి రాడ్డు అందులో నిలబెట్టాలి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తీగల కింద నడిచేటప్పుడు దాన్ని పడుకోబెట్టి పట్టుకోవాలి. ఉరిమితే వేట ఆపి రాడ్డు కింద పడేసి ఇంట్లోకి రావాలి.

రీలుకి మీ డబ్బులో సగానికి పైన పెట్టండి, రాడ్డుకి మిగిలిందాంట్లో ఎక్కువ భాగం. కొనేముందు రీలుని రాడ్డుకి బిగించమని అడిగి, రీలుకి కాస్త ముందు పిడి కింద వేలు పెట్టి చూడండి. కొస బాగా ముందుకి వాలిపోతే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది.

దారం షాపులో చుట్టించకండి. హడావుడిలో వదులుగా చుడతారు, మొదటి విసురుకే చిక్కు పడుతుంది. కింద కొంచెం తంగూసు వేసి, దాని మీద బ్రెయిడ్ తడిగుడ్డతో గట్టిగా పట్టుకుంటూ చుట్టాలి, లేకపోతే మొత్తం చుట్ట స్పూల్ మీద జారుతుంది. స్పూల్ అంచుకి మిల్లీమీటరున్నర కిందకి ఆపాలి. రెండు చేతుల పని కాదు అది, ఆదివారం తీసుకురండి, నేను గుడ్డ పట్టుకుంటాను.

మీ తాతయ్య