చంద్రపూర్ ఎండల్లో లాప్‌టాప్

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, సిరొంచ వైపు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటితే ఎవరూ వింతగా చూడరు. లాప్‌టాప్ కంపెనీలు మాత్రం చాలావరకు 35 డిగ్రీల గదిదాకానే పూచీ ఇస్తాయి. గొడవంతా అక్కడే. లోపలి ఫ్యాన్ చల్లగాలిని పుట్టించదు, గదిలో ఉన్న గాలినే లాక్కుంటుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపలి ప్రాసెసర్ చిప్పూ దాదాపు అంతే వేడెక్కుతుంది. చాలా ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దగ్గర. అక్కడికి రాగానే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి దిగకపోతే మెషీన్ ఠక్కున ఆరిపోతుంది. అది చెడిపోవడం కాదు, కాలిపోకుండా తప్పించుకోవడం.

అందుకే రిపేరుకు పట్టుకెళ్లే ముందు, అసలు ఎప్పుడు ఆగుతోందో గమనించండి. వీడియో కాల్ మధ్యలో, ఫ్యాన్ రయ్యిమని అరిచాక ఆగితే వేడి. ఛార్జర్ పీకగానే ఆగితే బ్యాటరీ. బ్యాటరీ మీద బాగానే నడుస్తూ ఛార్జింగ్ ఎక్కకపోతే అడాప్టర్నో, పిన్నునో అనుమానించాలి. ఏ లైటూ వెలగకపోతే ఛార్జర్ తీసేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టండి. బోర్డులో మిగిలిన కరెంటు పోయి ఒక్కోసారి లేచి కూర్చుంటుంది. కొత్త అడాప్టర్ కొంటే వోల్టులు పాతదానితో సరిపోవాలి, వాట్లు తగ్గకూడదు.

చిప్ వేడిని ఫ్యాన్ దాకా మోసేది బల్లపరుపుగా నొక్కిన ఓ రాగి గొట్టం. గాలి తీసేసిన ఆ గొట్టంలో కొన్ని చుక్కల నీళ్లుంటాయి. చిప్ దగ్గర అవి ఆవిరై, ఫ్యాన్ దగ్గరి సన్నని రేకుల వైపు చల్లబడి, మళ్లీ నీరై వెనక్కి ఇంకుతాయి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ తయారుచేసిన పద్ధతి ఇదే. గొట్టం అంత తేలిగ్గా చెడదు. చెడగొట్టేది దుమ్మే, అందులోనూ బొగ్గు గనుల ఊళ్లలో. రేకులకూ ఫ్యాన్‌కూ మధ్య అది కంబళి ముక్కలా పేరుకుంటుంది, బయటికి కనిపించదు. శుభ్రం చేయించేటప్పుడు రెక్కలు తిరగకుండా పుల్ల అడ్డుపెట్టి ఊదమనండి. పాత మెషీనైతే చిప్ వేడిని గొట్టానికి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే అదీ మార్పించాలి.

కూలర్ గాలి పనికొస్తుంది, కానీ తుంపర పడే చోట లాప్‌టాప్ పెట్టకండి. పరుపు మీద అసలు వద్దు.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా? బ్యాటరీ ఉబ్బిందని అనుమానం. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి. దుమ్ము సంగతి వారం ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆ రోజే షాపుకు చేరాలి.