టిన్ను బఠాణీకి గోడ మిగిలింది

మారతహళ్ళిలో మా పై అంతస్తులో ఉండే కర్నూలు ఆవిడ మొన్న లిఫ్టులో అడిగారు. "సార్, మావాడు టిన్ను బఠాణీలు, స్వీట్‌కార్న్ తెచ్చుకుని తింటాడు. మా ఆయనేమో అదంతా విషమని తిట్టి, తాను మాత్రం రోజూ పొద్దున్నే ప్యాకెట్ నారింజ జ్యూసు తాగుతాడు. ఇద్దరిలో ఎవరు నయం?" ఐదో అంతస్తు వచ్చేలోగా చెప్పేసే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

ముందు విషం సంగతి. ఆహారాన్ని సీసాలో బిగించి, నీళ్ళలో మరిగించి నిలవచేసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన నికొలా అపేర్ 1810లో పుస్తకంగా అచ్చువేశాడు. అది ఎందుకు పనిచేస్తుందో ఆయనకే తెలియదు. పాశ్చర్ వచ్చి సూక్ష్మజీవుల కథ విప్పడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. బఠాణీల విషయంలో భయపడాల్సింది బోట్యులినమ్ అనే బాక్టీరియాకి. దాని స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటి రూపాలు) మరిగే నీళ్ళకి చావవు. గాలి లేనిచోట, పులుపు తక్కువైతే (పి.హెచ్. 4.6 దాటితే) మొలకెత్తి విషం తయారుచేస్తాయి. అందుకే టిన్నుకి సీలు వేశాక ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. ఆ వేడి టిన్ను నడిబొడ్డు దాకా చేరి, కనీసం మూడు నిమిషాలు నిలవాలి. మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. ఇంటి కుక్కరు కూడా నెల్లూరులో కంటే ఓ రెండు డిగ్రీలు వెనకే. కాబట్టి బఠాణీలు ఇంట్లోనే సీసాకెత్తే సరదా వద్దు. కొన్న టిన్ను ఉబ్బి ఉంటే తెరవకుండా పారేయండి. గ్రహణం నాడు పెరుగులో దర్భ వేసే ఇళ్ళలోనే టిన్నుని చూసి జడుసుకోవడం నాకు ఎప్పటికీ వింతే. దర్భని స్పోర్లు లెక్కచేయవు, 121 డిగ్రీలకి చస్తాయి.

విటమిన్ సి దగ్గర గెలుపు జ్యూసుదే. 200 మిల్లీలీటర్ల నారింజ రసంలో 60 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మన పోషకాహార సంస్థ లెక్కలో మగవాళ్ళకి రోజుకి కావలసింది 80. బఠాణీలో మొదటే అంత లేదు, ఉన్నదాంట్లోనూ చాలావరకు ఉడకడంలో పోతుంది. కానీ బడిలో "వేడికి సి విటమిన్ పోతుంది" అని ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తారు. వేడితోపాటు గాలిలోని ఆక్సిజన్ కూడా దాన్ని తినేస్తుందని చెప్పరు. టిన్నులో గాలి దాదాపు ఉండదు గనుక మిగిలినది నెలల తరబడి పెద్దగా తరగదు. అయినా ఒక్క జామకాయ ఈ ఇద్దర్నీ ఓడిస్తుంది: 100 గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైమాటే.

అసలు కథ గోడది. పండులో చక్కెర కణం లోపల రిక్తిక అనే సంచిలో ఉంటుంది. చుట్టూ కణకవచం. సెల్యులోజ్ పోగులు రాళ్ళనుకోండి, వాటి మధ్య పెక్టిన్ మట్టి. ఆ పెక్టిన్ గొలుసుల్ని కాల్షియం ముడివేసి పట్టుకుంటుంది. టమాటా ముక్కల టిన్నుల్లో కాల్షియం క్లోరైడ్ కలిపేది ముక్క చితకకుండా ఈ ముడి బిగియడానికే. 121 డిగ్రీల్లో పెక్టిన్ గొలుసులు తెగుతాయి, బఠాణీ మెత్తబడుతుంది. సెల్యులోజ్ చెక్కుచెదరదు. మట్టి కొంత కరిగినా రాళ్ళ గోడ నిలిచే ఉంది, అంటే పీచు ఉంది. జ్యూసు మిషను గోడని కూల్చి, రాళ్ళు కూడా వడగట్టి పారేస్తుంది.

గోడ పోతే ఏమవుతుంది? 1977లో ఇంగ్లండులో పదిమందికి ఒకే మోతాదు పిండిపదార్థం ఉండేలా ఆపిల్‌ని మూడు రకాలుగా ఇచ్చారు: కాయగా, గుజ్జుగా, రసంగా. రసాన్ని కాయకంటే పదకొండు రెట్లు వేగంగా తాగేశారు. రక్తంలో చక్కెర మూడింటికీ ఇంచుమించు ఒకే ఎత్తుకి ఎక్కింది, తేడా దిగడంలో వచ్చింది. రసం తాగినవాళ్ళలో ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, చక్కెర గబుక్కున కిందికి పడింది. గుజ్జు తిన్నప్పుడు కొంచెం పడింది, కాయ తిన్నప్పుడు అలా పడలేదు. పీచు మొత్తం ఉన్న గుజ్జుకి కూడా ఇలా ఎందుకైంది? పీచు ఉంది, గోడ కూలింది! నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చింది ఇదే. పీచుని విడిగా స్పూనుతో కలుపుకుంటే చాలదేమో అనిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి మార్గదర్శకాల్లో పళ్ళరసంలోని చక్కెరని డబ్బాలోని పంచదారతో ఒకే పద్దు కింద రాసింది. పండులోని చక్కెరని రాయలేదు. రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలంది. ఒక గ్లాసు నారింజ రసంలోనే 16 నుంచి 20 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్ మీద జ్యూస్ బదులు డ్రింక్ అని ఉంటే, అందులో పండుకంటే నీళ్ళూ పంచదారే ఎక్కువని తెలుసుకోండి.

అయితే గోడ కూలడం ప్రతిసారీ నష్టం కాదు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఉడికిస్తే బయటపడుతుంది, పక్కన కాస్త నూనె ఉంటే ఒంటికి పడుతుంది. పచ్చి టమాటాకంటే టిన్ను గుజ్జుతో తాలింపు పెట్టిన పప్పే లైకోపీన్ ఎక్కువ అందిస్తుంది. క్యారెట్‌లో కెరోటిన్‌దీ ఇదే దారి.

మరుసటి వారం మళ్ళీ లిఫ్టులో కలిసి చెప్పాను: మీవాడే నయం. కానీ టిన్ను నీళ్ళలో ఉప్పు దండిగా ఉంటుంది, వంపేసి ఓసారి కడగమనండి. "ఆ నీళ్ళలోకి దిగిన విటమిన్లు?" అని ఎదురడిగారు. నిజమే, బి విటమిన్లు కొన్ని అందులోకి దిగుతాయి. "అయితే చారులో పోసి, వేరే ఉప్పు వేయకుండా చూస్తాను సార్" అన్నారు, తలుపులు తెరుచుకుంటుండగా.