కొత్త పోకర్ ఆటకి చదువు ఎంత, ఆట ఎంత? అపోహలు - వాస్తవాలు

విశాఖలో పోకర్ నేర్పమని నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకం ముందే వచ్చు. ఇప్పుడు ఒమాహా అనే మరో రకం నేర్చుకోవాలంటారు. ఎంత చదవాలి, ఎంత ఆడాలి అన్న దగ్గరే వాళ్లకు టెన్షన్.

అపోహ: వీడియోలన్నీ చూసి, పుస్తకాలు పూర్తిచేశాకే ఆటకు కూర్చోవాలి.

వాస్తవం: ఒమాహాలో చేతికి నాలుగు ముక్కలు పంచుతారు. వాటిలో కచ్చితంగా రెండు, బోర్డు మీద, అంటే బల్ల మధ్యలో అందరికీ కలిపి తెరిచే ఐదింటిలో కచ్చితంగా మూడు కలిపే హ్యాండ్ (ఐదు ముక్కల సెట్టు) చూపాలి. ఈ రూల్ చదవడానికి అర నిమిషం చాలు. కానీ బోర్డు మీద నాలుగు ఇస్పేట్లు పడి, చేతిలో ఇస్పేటు ఆసు ఒక్కటే ఉంటే ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) వచ్చేసిందనే అనిపిస్తుంది. హోల్డెమ్‌లో చేతిలోంచి ఒక్క ముక్క వాడినా చాలు కాబట్టి అది ఫ్లషే. ఒమాహాలో చేతిలో రెండో ఇస్పేటు కూడా ఉండాలి. రూల్ తెలిసినవాళ్లే ఇక్కడ చిప్స్ మొత్తం ముందుకు తోసేస్తారు. పాత ఆట కంటికి అంతగా అలవాటైపోయి ఉంటుంది. ముక్కలు పంచుకుని, బోర్డు తెరిచి, ‘చేతిలోంచి ఏ రెండు, బోర్డు నుంచి ఏ మూడు’ అని పైకి చెబుతూ ఆడితేనే అది వదులుతుంది.

అపోహ: ఆడుతూ పోతే అన్నీ అవే వస్తాయి.

వాస్తవం: రావు. గెలిస్తే బాగా ఆడామనుకుంటాం, ఓడితే ముక్కలు పడలేదనుకుంటాం. మీ చేతిలో రెండు, ఫ్లాప్‌లో (బోర్డు మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) రెండు ఇస్పేట్లు ఉన్నాయి. కనబడని 45 ముక్కల్లో ఇస్పేట్లు 9, అంటే తర్వాతి ముక్క ఇస్పేటు కావడానికి 20 శాతం అవకాశం. పాట్‌లో, అంటే అందరూ పందెం వేసిన కుప్పలో 100 చిప్స్ ఉండగా ఎదుటివారు 50 వేశారు. మీరూ 50 వేస్తే పాట్ 200 అవుతుంది, కాబట్టి ఆ 50 గిట్టాలంటే గెలిచే అవకాశం 25 శాతం కావాలి. ఆ ఒక్క ముక్క వరకే చూస్తే కాల్ (ఎదుటివారి పందేనికి సమానంగా వేయడం) నష్టమే. తర్వాత ఇంకెన్ని చిప్స్ రాబట్టగలరన్నది కూర్చుని ఆలోచించాల్సిన విషయం. అందుకే తికమకపెట్టిన ఒకటి రెండు హ్యాండ్స్‌ని వెంటనే ఫోన్‌లో రాసుకోమంటాను. ఆ వారం చదువు వాటి గురించే.

అపోహ: సగం చదువు, సగం ఆట.

వాస్తవం: మొదట్లో ఆటే ఎక్కువ ఉండాలి. ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆట ఆపి దాని మీదే కూర్చోండి.

అపోహ: డబ్బు పెట్టకపోతే ఆట రాదు.

వాస్తవం: ఈ మాట నమ్మి ఎవరూ డబ్బు పోగొట్టుకోవద్దు. ఆన్‌లైన్‌లో డబ్బుకి పోకర్ ఆడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఎవరింట్లోనైనా నలుగురు కూర్చుని, ఉత్త చిప్స్ సమానంగా పంచుకోండి. చిప్స్ అయిపోయినవాళ్లు ఆ పూటకు తప్పుకోవాలని నియమం పెట్టుకుంటే ఎవరూ తోచినట్టు ఆడరు. తప్పుకున్నవాళ్లు మిగతావాళ్లకి ముక్కలు పంచుతూ హ్యాండ్స్ రాసిపెడితే మరీ మంచిది.